బీసీజీ సూది వేసే ముందు ఒక్క మాట అడగండి అక్కా

కాన్పుల వార్డుల్లో పనిచేసే నర్సమ్మలకు, ఊరూరా తిరిగే ఏఎన్‌ఎం అక్కలకు, ఆశా చెల్లెళ్ళకు, మీ చేతికి కార్డులూ రిజిస్టర్లూ ఇచ్చి పంపే తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఆరోగ్య కుటుంబ సంక్షేమ శాఖల అధికారులకు,

నమస్తే. మాది సూర్యాపేట జిల్లాలో ఒక ఊరు. నా కొడుక్కి నాలుగేళ్ళు నిండాయి. పుట్టినప్పుడు మూడు కిలోలు ఉన్నాడు, గట్టిగా ఏడ్చాడు, పాలు బాగా తాగాడు, డాక్టరమ్మ చూసి అంతా బాగుందని చెప్పి మూడో రోజు ఇంటికి పంపించింది. వాడి ఒంట్లో రోగాన్ని ఎదుర్కొనే టీ కణాలు దాదాపు లేవన్న సంగతి మాకు ఐదో నెల దాటాక తెలిసింది. ఆ జబ్బు పేరు సివియర్ కంబైన్డ్ ఇమ్యునోడెఫిషియెన్సీ, డాక్టర్లు పొట్టిగా స్కిడ్ అంటారు. మామూలు పిల్లలకు నాలుగు రోజుల్లో తగ్గిపోయే జలుబు ఈ పిల్లల ప్రాణం తీయగలదు. వైద్యం అందకపోతే ఎక్కువమంది ఏడాది, రెండేళ్ళకు మించి బతకరు.

ఈ ఉత్తరం ముందుగా మీకే ఎందుకు రాస్తున్నానంటే, ఈ పిల్లలకు పడే మొట్టమొదటి సూదుల్లో ఒకటి మీ చేతి మీదుగానే పడుతుంది. ఎడమ భుజం మీద బీసీజీ. క్షయ రాకుండా వేసే ఆ టీకాలో ఉండేది చచ్చిన క్రిమి కాదు, బలం తగ్గించిన బతికున్న క్రిమి. కోట్ల మంది పిల్లలకు అది రక్ష. మా వాడిలాంటి పిల్లల ఒంటికి మాత్రం ఆ నీరసపడ్డ క్రిమిని కూడా ఆపే శక్తి ఉండదు, అది ఒళ్ళంతా పాకుతుంది. మీరు తప్పు చేశారని నేను అనడం లేదు. మా వాడికి సూది వేసిన సిస్టర్ తన పని తాను సరిగ్గానే చేసింది, కార్డులో తేదీ రాసింది, పుండు అయితే దాని మీద ఏ మందూ రాయొద్దని కూడా చెప్పింది. సూది వేసే ముందు ఫలానా మాట అడగాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు. నేను ఈ ఉత్తరం రాస్తున్నది ఆ మాట కోసమే.

రెండో నెలలో వాడి భుజం మీద పుండు అయింది. టీకా బాగా పట్టింది అన్నారు అందరూ. మామూలు పిల్లలకు జరిగేది అదే కదా, చిన్న పొక్కు లేస్తుంది, చితుకుతుంది, మచ్చ పడుతుంది. మా వాడి పుండు మానలేదు. తర్వాత ఎడమ చంకలో గడ్డ లేచింది, నిమ్మకాయంత అయింది, పగిలి చీము కారింది. ఇంకోపక్క నోట్లో తెల్లటి పూత, మందు రాసినన్నాళ్ళు తగ్గి మళ్ళీ వచ్చేది. విరేచనాలు ఆగేవి కావు. మూడో నెల తర్వాత బరువు పెరగడం ఆగిపోయింది. మా అత్తమ్మ రోజూ దిష్టి తీసేది, తాయెత్తు కట్టించింది, నేనూ వద్దనలేదు, ఎవరు ఏది చెప్తే అది చేశాం. నాలుగో నెలలో నిమ్ము చేసింది. ఒక ఆసుపత్రిలో వారం, ఇంకో ఆసుపత్రిలో పది రోజులు, ఇంటికొచ్చి బట్టలు ఉతుక్కునేలోపే మళ్ళీ ఆయాసం.

ఈ తిరుగుళ్ళలో వాడికి నాలుగు సార్లు సీబీపీ, అంటే రక్తకణాల లెక్క చూసే పరీక్ష, చేశారు. ఆ కాగితాలన్నీ ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి. నాలుగింట్లోనూ లింఫోసైట్ల (టీ కణాలు కూడా ఉండే తెల్ల రక్తకణాల) లెక్క వెయ్యికి కాస్త అటూ ఇటూ ఉంది. పక్కనే ల్యాబ్ వాళ్ళు అచ్చు వేసిన నార్మల్ లెక్క 1000 నుంచి 4000. అది పెద్దవాళ్ళ లెక్క అక్కా. నెలల పిల్లలకు లింఫోసైట్లు పెద్దవాళ్ళకంటే చాలా ఎక్కువ ఉండాలి, మూడు వేల కన్నా తగ్గిందంటే అనుమానపడాలి అని తర్వాత హైదరాబాద్‌లో చెప్పారు. రెండు మూడు వందల రూపాయల రక్త పరీక్షలో మా వాడి జబ్బు నాలుగు సార్లు బయటపడింది, నాలుగు సార్లూ నార్మల్ అని మడిచి నా చేతికి ఇచ్చారు. ఆ కాగితాలు తీసి చూసిన ప్రతిసారీ నాకు నిద్ర పట్టదు.

హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రిలో పిల్లల డాక్టర్ ఒకాయన, ఇంకా వాడిని ముట్టుకోలేదు, చేతులు కడుక్కుంటూ నన్ను అడిగిన మొదటి మాట, "అమ్మా, నీకు మేనమామలు ఎంతమంది?" నాకు అర్థం కాలేదు. లేరు సార్ అన్నాను. "పుట్టలేదా, పుట్టి పోయారా?" అన్నారు. నా వెనక నిలబడ్డ మా అమ్మ గోడకు ఆనుకుని అలాగే కింద కూర్చుండిపోయింది.

ముగ్గురు పుట్టారట. ఒకడు నాలుగో నెలలో, ఒకడు ఎనిమిదో నెలలో, మూడోవాడు పేరు పెట్టకముందే పోయారు. మా అమ్మమ్మ ఊళ్ళో దానికి బాలారిష్టం అని పేరు పెట్టి ఊరుకున్నారు, ఆ ఇంట్లో మగపిల్లలు నిలవరు అన్నారు, శాంతులు చేయించారు. నా పెళ్ళిలో నన్ను బుట్టలో కూర్చోబెట్టి మండపానికి తేవడానికి సొంత మేనమామ లేడని వరసకు మామ అయ్యేవాళ్ళు పట్టారు. ఆ ఫోటో మా ఇంట్లో గోడకు ఉంది. పెళ్ళికి వచ్చిన మూడు వందల మందిలో ఏ ఒక్కరికీ, ఈ పిల్లకు మేనమామలు ఎందుకు లేరు అన్న ఆలోచన రాలేదు, నాకూ రాలేదు.

స్కిడ్‌లో ఎక్కువగా కనపడే రకం తల్లి దగ్గరి నుంచి కొడుక్కి వస్తుంది. తల్లికి ఏ ఇబ్బందీ ఉండదు, ఆమెకున్న రెండు ఎక్స్ క్రోమోజోముల్లో ఒకదాని మీద లోపం ఉన్నా రెండోది కాపాడుతుంది. పుట్టే కొడుకుల్లో ఒక్కొక్కరికి జబ్బు వచ్చే అవకాశం సగం. కూతుళ్ళకు జబ్బు రాదు కానీ వాళ్ళలోనూ సగం మందికి నాలాగే ఆ లోపం ఒంట్లో ఉండిపోవచ్చు. తల్లి వైపు నుంచి, తండ్రి వైపు నుంచి రెండు లోపాలూ కలిస్తే వచ్చే రకాలు వేరే ఉన్నాయి, అవి ఆడపిల్లలకూ వస్తాయి, దగ్గరి సంబంధాల్లో ఎక్కువగా కనపడతాయి, మన దగ్గర మేనరికాలు ఎంత మామూలో ఇంటింటికీ తిరిగే మీకు నేను చెప్పాలా.

అమ్మ ఎందుకు చెప్పలేదంటే, సంబంధం చెడిపోతుందని. ఆమెను నేనేమీ అనను. పదిహేనేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు తమ్ముళ్ళను పోగొట్టుకున్న మనిషి, ఆ మాట నోట్లోంచి రావద్దని వాళ్ళమ్మ ఒట్టు వేయించుకున్న మనిషి. కానీ ఆమెను ఎవరైనా పక్కకు పిలిచి, తలుపు వేసి, నెమ్మదిగా అడిగి ఉంటే చెప్పేది. అడిగినవాళ్ళు లేరు.

అప్పటికే బీసీజీ క్రిమి కాలేయం దాకా వెళ్ళింది. ఎముక మూలుగ మార్పిడి ఒక్కటే దారి, కానీ ముందు ఈ క్రిమిని అదుపు చేయాలి అన్నారు. నాలుగు నెలలకు పైగా క్షయ మందులు వాడాం. క్షయ మందుల్లో పైరజినమైడ్ అనేది బీసీజీ మీద పనిచేయదు, అందుకని వేరే మందులు కలిపారు, ఆ చేదుకు వాడు తాగిన పాలు కూడా కక్కేసేవాడు. నా పాల నుంచి ఏ వైరస్ పోతుందోనని కొన్నాళ్ళు చనుబాలు కూడా ఆపించారు. స్కిడ్ పిల్లలకు మూడున్నర నెలల లోపు మార్పిడి చేస్తే నూటికి 94 మంది బతికారని 2014లో అమెరికాలో వచ్చిన ఒక పెద్ద పరిశీలన చెప్పింది. మా వాడికి మార్పిడి జరిగింది పదో నెలలో. మా పెద్దపాపది మ్యాచ్ కాలేదు, తోబుట్టువులతో పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒక వంతే. వాళ్ళ నాన్నది సగం మ్యాచ్ అయింది, ఆయన మూలకణాలే ఎక్కించారు. బతికాడు. ఆ రోజులు రాయాలంటే ఇంకో ఉత్తరం అవుతుంది.

ఇప్పుడు వాడికి టీ కణాలు ఉన్నాయి. యాంటీబాడీలు తయారుచేసే బి కణాలు మాత్రం ఇంకా పనిచేయడం లేదు, అందుకని 28 రోజులకు ఒకసారి హైదరాబాద్ తీసుకెళ్ళి ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే యాంటీబాడీల మందు ఎక్కిస్తాం. 5 గ్రాముల సీసా ఒకటి, 2.5 గ్రాములది ఒకటి, చాలా మెల్లగా ఎక్కించాలి, పొద్దున ఎనిమిదికి కూర్చుంటే మధ్యాహ్నం దాటుతుంది. ఆ ఒక్కో సీసా వెనక రక్తం, ప్లాస్మా ఇచ్చిన కొన్ని వేల మంది ఉంటారట. వాళ్ళలో ఒక్కరి ముఖం కూడా నాకు తెలియదు, కానీ ఆ ద్రవం గొట్టంలోకి దిగుతుంటే ప్రతిసారీ చేతులు జోడించాలనిపిస్తుంది. నాలుగో వారం వచ్చేసరికి వాడి ముక్కు కారడం మొదలవుతుంది, అంటే పోయిన నెల అరువు తెచ్చుకున్న బలం అయిపోవస్తోందని నాకు క్యాలెండర్ చూడకుండానే తెలుస్తుంది.

ఇంట్లో సంగతి చెప్పాలంటే, మొదటి రెండేళ్ళు మాకు ఇల్లు ఇల్లులా లేదు. బయటి నుంచి వచ్చిన వాళ్ళు ఎవరైనా సరే చెప్పులు వాకిట్లో వదిలి, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని, బట్టలు మార్చుకుని లోపలికి రావాలి, మా ఆయన ట్రాక్టర్ల రిపేర్ పనిచేస్తాడు కాబట్టి ఆయనకు స్నానం చేస్తే గానీ లోపలికి ప్రవేశం లేదు. నీళ్ళు ఇరవై నిమిషాలు మరిగించి చల్లార్చాలి, వండింది వేడిగా ఉండగానే పెట్టాలి, పొద్దుటి అన్నం మధ్యాహ్నానికి పనికిరాదు. బాత్రూం గోడకు చెమ్మ పట్టి నల్లగా బూజు కనపడితే, ఆ బూజు గాలిలోంచి ఊపిరితిత్తుల్లోకి పోతుందని ఆ పక్క గోడంతా చెక్కించి మళ్ళీ సిమెంట్ చేయించాం, ఆ దుమ్ము కూడా తగలకూడదని వాడిని తీసుకుని పన్నెండు రోజులు మా అమ్మ వాళ్ళింట్లో ఒక గదిలో ఉన్నాను. బారసాల ఎలాగోలా చేశాం గానీ అన్నప్రాసన లేదు, పుట్టువెంట్రుకలు ఈ మధ్యే, అదీ ఇంట్లోనే, కొత్త బ్లేడుతో. మా అత్తమ్మకు దగ్గు వస్తే ఎవరూ చెప్పకుండానే తన చాప తీసుకుని పక్కింట్లో పడుకునేది. మొదట్లో తాయెత్తులు కట్టిన మనిషే, మూలుగ మార్పిడి తర్వాత చుట్టాలు ముద్దు పెట్టుకోబోతే తలుపుకు అడ్డంగా నిలబడింది.

అందరికంటే ఎక్కువ నష్టపోయింది మా పెద్దపాప. తన క్లాసులో ఒకరికి ఆటలమ్మ పోసిందని తెలిసిన రోజు నుంచి బడి మాన్పించాం, ఒక ఏడాది మొత్తం పోయింది. తమ్ముడికి జ్వరం వస్తే తన వల్లేనా అని ఏడేళ్ళ పిల్ల నన్ను అడుగుతుంది, నేను కాదని చెప్తాను, నమ్మదు.

పల్స్ పోలియో రోజు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే అదీ మీ పనిలో భాగమే. నోట్లో వేసే పోలియో చుక్కల్లో కూడా బతికున్న వైరసే ఉంటుంది, ఆ చుక్కలు వేసుకున్న పిల్లల విరేచనంలో కొన్ని వారాల పాటు ఆ వైరస్ బయటికి వస్తుంది. అందుకని స్కిడ్ పిల్లాడు ఉన్న ఇంట్లో మిగతా పిల్లలకు చుక్కలు వేయకూడదు, సూదితో ఇచ్చే పోలియో టీకా ఇవ్వాలి. ఆదివారం బూత్‌కి మేము రాలేదని మర్నాడు ఇంటికొచ్చారు, వద్దన్నాను, గోడ మీద ఎక్స్ గుర్తు వేసి వెళ్ళారు. మర్నాడు సూపర్‌వైజర్‌ని తీసుకొచ్చారు. వీధిలో అందరి ముందూ, చదువుకున్నదానివి ఇలా చేస్తావా, నీలాంటి వాళ్ళ వల్లే జబ్బులు పోవడం లేదు అన్నారు. నేను డాక్టర్ రాసిచ్చిన కాగితం చూపించాను, అది ఇంగ్లిష్‌లో ఉంది, చదివే ఓపిక ఆ ఎండలో ఎవరికి ఉంటుంది. చివరికి మా ఆశా చెల్లెలే ఆ కాగితం ఫోటో తీసి పీహెచ్‌సీ డాక్టర్‌కి పంపించింది, ఆయన ఫోన్ చేసి చెప్పాక గొడవ ఆగింది. తర్వాత ఆ అమ్మాయే మా పాపకు సూది టీకా ఇప్పించింది. ఇప్పుడు ప్రతి పల్స్ పోలియోకి ముందు నాకు ఫోన్ చేసి, "అక్కా, మీ ఇంటి సంగతి టీంకి చెప్పాను, టెన్షన్ పడకు" అంటుంది. ఆ ఒక్క ఫోన్‌తో నాకు ఎంత భారం దిగుతుందో ఆమెకు తెలుసో లేదో.

నేను టీకాలకు వ్యతిరేకం కాదు. ఇది చదివి ఎవరైనా తమ పిల్లలకు బీసీజీ మానేస్తే నా కొడుక్కి చేసినంత అన్యాయం చేసినట్టే. మా వీధిలో ప్రతి పిల్లకీ పిల్లాడికీ తట్టు టీకా పడితేనే తట్టు మా వాడి దాకా రాకుండా ఉంటుంది, వాడికి ఆ టీకా వేయలేం కదా, అది కూడా బతికున్నదే. పెంటావాలెంట్, హెపటైటిస్ బి, న్యుమోకోకల్, సూది పోలియో లాంటివి బతికున్న క్రిమితో చేసినవి కావు, వాటితో ఈ ప్రమాదం లేదు. చంకలో చిన్న గడ్డ ఆరోగ్యంగా ఉన్న కొందరు పిల్లలకూ వస్తుంది, తగ్గిపోతుంది. గడ్డతో పాటు మానని నోటిపూత, ఆగని విరేచనాలు, పెరగని బరువు, మళ్ళీ మళ్ళీ నిమ్ము ఉంటే మాత్రం సీబీపీ చేయించి లింఫోసైట్ల లెక్క పిల్లల డాక్టర్‌కి చూపించమని ఆ తల్లికి చెప్పండి.

ఇక నేను అడగమంటున్న మాట ఇది: "మీ పుట్టింట్లో గానీ, మీ అమ్మగారి పుట్టింట్లో గానీ, మీ అత్తవారి వైపు గానీ, ఏడాది నిండకుండా పోయిన పిల్లలు ఉన్నారా?"

కాన్పు అయ్యాక వార్డులో అడిగితే ఎవరూ చెప్పరు. బిడ్డ పుట్టిన ఇంట్లో చచ్చిన వాళ్ళ మాటా అని అత్తగారు కసురుతుంది, బాలింత నోరు మూసుకుంటుంది. గర్భం నమోదు చేసే మూడో నెలలోనో నాలుగో నెలలోనో అడగండి, పిల్ల అమ్మను అడగండి, ఉంటే అమ్మమ్మను అడగండి, మగవాళ్ళు లేనప్పుడు అడగండి. ఇంట్లో అంతకు ముందు పుట్టిన బిడ్డ కారణం తెలియకుండా పోయి ఉంటే మరీ ముఖ్యం. ఉన్నారని చెప్తే, పుట్టగానే బీసీజీ, పోలియో చుక్కలు ఆపి, సీబీపీ చేయించి, పిల్లల డాక్టర్ చూసి పరవాలేదు అన్నాక వేయండి. దీనికి ఏ నియమాన్నీ దాటనక్కర్లేదు, జాతీయ టీకాల షెడ్యూల్‌లోనే బీసీజీ పుట్టగానే, లేదా వీలైనంత త్వరగా, ఏడాది లోపు వేయొచ్చని ఉంది. మన దగ్గర క్షయ ఎక్కువ, అందరికీ ఆలస్యం చేయమని నేను అడగను. ఇంగ్లండ్‌లో అయితే 2021 సెప్టెంబర్ నుంచి బీసీజీ అవసరమైన పిల్లలకు 28 రోజులు దాటాకే వేస్తున్నారు, ఆలోపు స్కిడ్ పరీక్ష ఫలితం చూసుకోవడానికి.

అధికారులకు. మడమ నుంచి తీసిన ఒక్క రక్తపు చుక్కతో ఈ జబ్బును పసిగట్టే పరీక్ష ఉంది. అమెరికాలో 2008లో విస్కాన్సిన్ రాష్ట్రంలో మొదలైంది, 2018 చివరికి 50 రాష్ట్రాల్లోనూ పుట్టిన ప్రతి బిడ్డకూ చేస్తున్నారు. ఆ పరీక్ష మన దగ్గర కూడా రావాలి, దానికి డబ్బు, ల్యాబులు, ఏళ్ళు పడతాయని నాకు తెలుసు. కార్డు మీద ఒక గడి పెట్టడానికి ఏళ్ళు పట్టదు. తల్లీపిల్లల కార్డులో రక్త గ్రూపు రాసే గడి పక్కనే, ఏడాది లోపు శిశు మరణాలు ఉన్నాయా, అవును, కాదు అని ఒక గడి పెట్టండి. సర్కారు ల్యాబుల్లోనైనా పసిపిల్లల రిపోర్ట్ మీద పసిపిల్లల నార్మల్ లెక్కే అచ్చు వేయించండి. ఏఎన్‌ఎంల శిక్షణలో ఈ జబ్బు గురించి ఒక్క గంట చెప్పించండి.

ఇంకొకటి. 2021లో కేంద్రం తెచ్చిన అరుదైన వ్యాధుల విధానంలో స్కిడ్ మొదటి గ్రూపులోనే ఉంది, సాయం 2022లో 50 లక్షల వరకు పెంచారు, హైదరాబాద్‌లో నిమ్స్ ఆసుపత్రి, సీడీఎఫ్‌డీ అనే డీఎన్‌ఏ పరీక్షల సంస్థ కలిసి ఆ విధానం కింద సాయానికి కేంద్రంగా ఉన్నాయి. ఈ సంగతి మాకు ఎకరం పొలం అమ్మాక తెలిసింది. జిల్లా ఆసుపత్రి గోడ మీద తెలుగులో ఒక బోర్డు ఉంటే అమ్మేవాళ్ళం కాదు.

మా చెల్లెలికి వచ్చే నెలలో కాన్పు. దానికీ నాలాగే ఆ లోపం ఉందని పరీక్షలో తేలింది, కానీ అత్తవారింట్లో చెప్పడానికి భయపడి ఆలస్యం చేసింది, తేలేసరికి ఏడో నెల, కడుపులో ఉండగా బిడ్డకు పరీక్ష చేయించే సమయం దాటిపోయింది. ఖమ్మంలో కాన్పు చేయిస్తున్నాం. నొప్పులు ఏ రాత్రి వస్తాయో, అప్పుడు డ్యూటీలో ఎవరు ఉంటారో తెలియదు, నేను మా వాడిని వదిలి అంత త్వరగా వెళ్ళగలనో లేదో కూడా తెలియదు. అందుకే దాని కార్డు మొదటి పేజీ మీద ఎర్ర పెన్నుతో, పెద్ద అక్షరాలతో, తెలుగులో రాసి పెట్టాను: "బిడ్డకు రక్త పరీక్ష అయ్యేదాకా బీసీజీ, పోలియో చుక్కలు వేయకండి. రక్తం ఎక్కించాల్సి వస్తే ఇర్రేడియేట్ చేసిన (రేడియేషన్ పెట్టిన) రక్తమే. ముందు ఈ నంబర్‌కి ఫోన్ చేయండి." కింద నా నంబర్ ఉంది. ఆ రాత్రి డ్యూటీ మీదైతే, ఎంత రద్దీలో ఉన్నా, ఆ పేజీ ఒకసారి తిప్పి చూడండి అక్కా. ఏ టైమైనా నేను ఫోన్ ఎత్తుతాను.

ఇట్లు,
సూర్యాపేట జిల్లా నుంచి ఒక తల్లి